ముందు బొమ్మలగుట్ట, తర్వాతే వేములవాడ

హనుమకొండ నుంచి వేములవాడకి ఎన్నిసార్లు పోయామో లెక్క లేదు, కానీ ఆ దగ్గర్లోనే వెయ్యేళ్ల నాటి తెలుగు పద్యాలు చెక్కిన బొమ్మలగుట్ట ఉందన్న సంగతి నాకు ముప్పై ఎనిమిదేళ్లు వచ్చాక గానీ తెలియలేదు. ఆ బాధతోనే ఇది రాస్తున్నా. మీరు మాత్రం వచ్చేసారి రాజన్న దర్శనానికి బయల్దేరితే ఒక పూట ముందే బయల్దేరండి.

నేను, అమ్మ, మా చిన్నోడు. పొద్దున ఐదింటికి కారు తీశాం. హుజూరాబాద్ మీదుగా కరీంనగర్ దాటి జగిత్యాల రోడ్డు పట్టుకుంటే గంగాధర మండలంలో కురిక్యాల వస్తుంది. గుట్టకి దారి అడుగుదామని ఆగితే మేకలు తోలుకుపోతున్న ఒక పెద్దాయన, "బొమ్మలమ్మ కాడికా అక్కా, ఎండ ముదరకముందే ఎక్కుండ్రి, పైన నీడ దొరకది" అన్నాడు. ఆ మాట విని మంచిపని చేశాం. అమ్మ మోకాళ్ల నొప్పితో సగందాకా వచ్చి ఒక బండ మీద కూర్చుండిపోయింది, నేనూ చిన్నోడూ పైకి పోయాం.

పైన బండకి చెక్కిన జైన దేవత చక్రేశ్వరీదేవి, జైన తీర్థంకరులు, కింద శాసనం. క్రీస్తు శకం 945 ప్రాంతంలో జినవల్లభుడు వేయించింది. ఈయన కన్నడ ఆదికవి పంపడికి తమ్ముడు. సంస్కృతం, కన్నడం, తెలుగు మూడూ ఉన్నాయి, తెలుగులో ఉన్నవి మూడు కందపద్యాలు, నన్నయకి దాదాపు వందేళ్ల ముందువి! "జినభవనము లెత్తించుట" అని మొదలయ్యే పద్యాన్ని నేను కాగితం మీద రాసుకుపోయాను, అక్కడ నిలబడి పైకి చదువుతుంటే గొంతు పట్టేసింది. రాతి మీది లిపి మనకి ఇప్పుడు చదవడం రాదు, అయినా చిన్నోడు "అమ్మా, ఇది గ లాగుంది" అంటూ వేలు పెట్టబోయాడు, చేయి పట్టుకుని ఆపాను. వెయ్యేళ్లు ఎండకీ వానకీ తట్టుకుని నిలబడ్డ అక్షరం అది, మన వేళ్ల తడికి అరిగిపోకూడదు కదా. కళ్లతో చూడమన్నాను, వాడు మోకాళ్ల మీద కూర్చుని చాలాసేపు ఒక్కో అక్షరం వెతికాడు.

సౌకర్యాల సంగతికొస్తే, మనిషికి రెండు లీటర్ల నీళ్లు, టోపీ, జారని చెప్పులు ఇంటి నుంచే తెచ్చుకోండి. తినడానికి కూడా. మేం సర్వపిండి కట్టుకుపోయాం. నడవలేని పెద్దవాళ్లుంటే వాళ్ల దగ్గర ఒకరు కింద ఉండాల్సిందే.

అదే రోడ్డులో ముందుకి పోతే కొండగట్టు. ఆంజనేయస్వామి దర్శనం బాగానే అయింది, కానీ 2018లో ఆ ఘాట్‌లో బస్సు పడి అరవై మందికి పైగా చనిపోయిన సంగతి మనసులోంచి పోదు, దిగేటప్పుడు అమ్మకి ఒకటే టెన్షన్. సొంత బండైతే రెండో గేరులో నిదానంగా దిగండి, వెనక ఎవరు హారన్ కొట్టినా తొందరపడకండి.

రాత్రికి వేములవాడలో ఒక లాడ్జిలో దిగడం మా తప్పు. ఆదివారం రాత్రి, తెల్లారితే సోమవారం, ఊరంతా జనం. గదిలో వేడినీళ్లు రాలేదు, దుప్పట్లు మార్చలేదు, పొద్దున్నే ఖాళీ చేస్తామన్నా రోజంతటి అద్దె తీసుకున్నారు. పిల్లలు, ముసలివాళ్లు ఉంటే కరీంనగర్‌లో దిగడమే మేలు, ముప్పై అయిదు కిలోమీటర్లే కదా. మరుసటి రాత్రి మేం కరీంనగర్ బస్టాండు దగ్గర తీసుకున్న గదికి లిఫ్టు ఉంది, కారు పెట్టుకునే చోటుంది, అద్దె కొంచెమే ఎక్కువ.

కానీ ఈసారి గుడిలో నాకు కొత్తగా అనిపించింది. పంపడున్నది ఇక్కడే, వేములవాడ చాళుక్య రాజు రెండో అరికేసరి కొలువులో. అన్న ఇక్కడ కన్నడంలో కావ్యం రాస్తే తమ్ముడు అక్కడ గుట్ట మీద తెలుగు పద్యం చెక్కించాడు. మొక్కు ప్రకారం కోడెను పట్టుకుని ప్రదక్షిణం చేస్తున్న అమ్మకి ఈ మాట చెప్తే, "మరి అక్కడ సగంలో ఎందుకు కూసోబెట్టినవే నన్ను" అంది. ఈసారి చలికాలంలో ఆమెని మెల్లగా పైదాకా తీసుకుపోవాలి.

తిరుగు దారిలో ఎలగందుల. 1905కి ముందు జిల్లా కేంద్రం ఇదే, కరీంనగర్ కాదు. గుట్ట మీద కోట, కింద కందకం, పైనుంచి చూస్తే మానేరు. బురుజుల రాళ్ల మీద ఎవరెవరో పేర్లు గీకి పెట్టారు, చూస్తే కడుపు తరుక్కుపోయింది. దో మినార్ అని రెండు మినార్ల కట్టడం ఉంది, అందులో ఒక మినారు ఊపితే రెండోది కదులుతుందంటారు, మేం ఊపలేదు, మీరూ ఊపకండి. కోతుల గుంపు ఉంది, చేతిలో తినేవి కనపడనివ్వద్దు. నాలుగింటికల్లా చేరితే చీకటి పడకముందే దిగొచ్చు.

చివరికి కరీంనగర్‌లో వెండి ఫిలిగ్రీ చూశాం. వెంట్రుక లాంటి వెండి తీగని చుట్టి అతికిస్తుంటే చిన్నోడు అక్కడి నుంచి కదల్లేదు. నా దగ్గరున్న డబ్బులకి చిన్న కుంకుమ భరిణె వచ్చింది, అమ్మకిచ్చాను.