బ్యారెల్ ట్యూబ్ ‘ఒరిజినల్’ అంటే నమ్మకండి, నేను నమ్మి మా అమ్మాయిని తిట్టాను

రాత్రి పదకొండయింది, కోపం ఇంకా దిగలేదు. రాతలో తప్పులుంటే సర్దుకోండి.

హైదరాబాద్‌లో పది మీటర్ల ఎయిర్ రైఫిల్ కొట్టే పిల్లల తల్లిదండ్రులకి నాకా ట్యూబ్ అమ్మినాయనెవరో చెప్పక్కర్లేదు. పోటీల దగ్గర కారు డిక్కీ తెరిచి జాకెట్లు, గ్లవ్స్, సైట్లు పరిచే పెద్దమనిషే. పేరు రాయను.

మా అమ్మాయికి పదిహేనేళ్ళు. పది షాట్ల సిరీస్‌కి డెసిమల్స్‌తో కలిపి 102, 103 కొడుతుంది. ఫ్రంట్ సైట్ (రైఫిల్ ముందు కొసన గురి చూసే భాగం) ఇంకాస్త ముందుకి జరిగితే గురిలో తేడా తగ్గుతుంది, అందుకు బ్యారెల్ చివర బిగించే పొడుగు ట్యూబ్ కావాలి. అంతవరకు నిజమే. "జర్మన్ ఒరిజినల్ సార్, మీరు కాబట్టి ఇస్తున్నా" అన్నాడు. 14,500. బిల్లు అడిగితే "మనలో మనకి బిల్లేంది సార్" అని నవ్వాడు. నేనూ నవ్వి ఫోన్‌లో డబ్బు కొట్టేశాను. 2012లో గగన్ నారంగ్ లండన్‌లో కాంస్యం గెలిస్తే టీవీ ముందు చప్పట్లు కొట్టిన పరిజ్ఞానం నాది!

మర్నాటి నుంచి 98, 97, మళ్ళీ 98. ఈ ఆటలో పది అంటే అర మిల్లీమీటరు చుక్క. ఒక్కో డెసిమల్‌కీ, అంటే పాయింటులో పదోవంతుకీ, పావు మిల్లీమీటరే తేడా. పిల్ల జాకెట్ బెల్ట్ మార్చుకుంది, నిలబడే తీరు మార్చుకుంది, ఊపిరి లెక్క మార్చుకుంది. రెండు వారాలు. ఆఖరికి "నాన్నా, నాకిక రాదేమో" అంది.

అప్పుడు ఆయనకి ఫోన్ చేశాను. ట్యూబ్‌లో ఏమైనా తేడా ఉందేమో అని ఎంతో మర్యాదగా అడిగాను. ఆయన మాటలు ఉన్నదున్నట్టు రాస్తున్నా: "ట్యూబ్ ఏం జేస్తది సార్? మీ పాప ట్రిగ్గర్ గుంజుతుంది. గుంజేటోళ్ళకి ఏం పెట్టినా అంతే. ముందు కోచ్‌ని మార్చుండ్రి." గుంజడమంటే మెల్లగా నొక్కకుండా ఒక్కసారిగా లాగేయడం. స్పీకర్‌లో పెట్టాను. పిల్ల పక్కనే ఉంది. ఫోన్ పెట్టేశాక నేను చేసిన ఘనకార్యం ఏమిటంటే, "చూశావా, ఆయన ఎంతమందిని చూసుంటాడు, ఫోన్ తగ్గించి ట్రిగ్గర్ మీద మనసు పెట్టు" అన్నాను. అది ఏమీ అనలేదు. గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. 14,500 కంటే అది ఎక్కువ గుచ్చుతోంది నాకు.

ఈ ఉదయం రేంజ్‌లో ఎలక్ట్రానిక్ టార్గెట్ పని చేయక కోచ్ పేపర్ టార్గెట్ పెట్టారు. అదే మేలయింది. స్క్రీన్ మీద నంబరు కనిపిస్తుంది గాని రంధ్రం కనిపించదు కదా. మన పెల్లెట్ (రైఫిల్‌లో వేసే సీసం గుండు) తల చదునుగా ఉంటుంది, కాగితాన్ని పంచింగ్ మిషన్‌లా గుండ్రంగా కోస్తుంది. మా టార్గెట్ మీద రంధ్రాలు ఒకవైపు చిరిగి తోకలు లాగాయి. కోచ్ ఏమీ మాట్లాడకుండా ట్యూబ్ ఊడదీసి, ఇయర్ బడ్ ఒకటి లోపలి అంచు చుట్టూ తిప్పారు. ఒకే పక్క నల్లగా సీసం అంటింది. పెల్లెట్ రాసుకుంటూ పోతోంది!

క్లాంప్ స్క్రూలు విప్పితే లోపల ఒకవైపు రెండు చుట్లు నల్ల టేపు. ట్యూబ్ వేరే బ్యారెల్‌ది, వదులైతే టేపు చుట్టి బిగించాడు మహానుభావుడు. దాంతో ట్యూబ్ వంకరగా కూర్చుంది. కోచ్ చెప్పింది నాకు అర్థమైనంతలో ఇదీ: పెల్లెట్ బయటికి రాగానే వెనకున్న గాలి దానికంటే వేగంగా ముందుకు తన్నుకొస్తుంది. ట్యూబ్ తిన్నగా ఉంటే ఆ గాలి నాలుగువైపులా సమానంగా చెదిరిపోతుంది. వంకరగా ఉంటే ఒకే పక్క నుంచి తోక మీద కొడుతుంది. పెల్లెట్ బరువు అర గ్రాము, ఊగకుండా ఎలా ఉంటుంది?

తర్వాత రైఫిల్‌ని వైస్‌లో (కదలకుండా పట్టి ఉంచే బిగింపులో) బిగించి కొట్టారు. ట్యూబ్ లేకుండా అయిదు పెల్లెట్లూ ఒకే రంధ్రం, అయిదు మిల్లీమీటర్ల పైచిలుకు. ట్యూబ్‌తో తొమ్మిది మిల్లీమీటర్లు. వైస్ కూడా ట్రిగ్గర్ గుంజుతోందేమో మరి, ఆయన్నే అడగాలి.

అడిగాను కూడా. "వాడిన సామాను వాపస్ తీస్కోను, ఆ టేపు మీరే చుట్టి ఉంటరు" అని బ్లాక్ చేశాడు.

కొనేవాళ్ళకి ఒక ముక్క. బ్యారెల్ చివర ఏది బిగించినా ముందు బరువు పెరిగి జీరో (గురి పెట్టిన చోటే తగిలేలా చేసుకున్న సర్దుబాటు) కాస్త జరగడం మామూలే, సైట్ క్లిక్కులు తిప్పితే సర్దుకుంటుంది. గ్రూపు (పెల్లెట్లన్నీ దగ్గరదగ్గరగా పడే గుంపు) చెదిరితే మాత్రం క్లిక్కులతో బాగుపడదు, పిల్లల్ని తిట్టినా బాగుపడదు. డబ్బిచ్చేముందు వైస్‌లో పెట్టి అయిదు, తీసేసి అయిదు కొట్టి చూడండి. క్లాంప్ విప్పి చూడండి. ట్యూబ్‌తో కలిపి రైఫిల్ యాక్షన్ (పెల్లెట్ పెట్టే మెకానిజం) వెనక అంచు నుంచి మూతి దాకా పొడవు 850 మిల్లీమీటర్లు దాటకూడదు, టేపు పెట్టి కొలవండి (కొలిచే టేపు, నల్ల టేపు కాదు). బిల్లు లేకపోతే నవ్వకండి.

ఆయనిచ్చిన ట్యూబ్ తీసేసి, అంతకుముందున్నదే మళ్ళీ బిగించాం. సాయంత్రం మొదటి సిరీస్ 102.8. కొట్టి వెనక్కి తిరిగి నా వైపు చూసింది. సారీ చెప్పాను. "ట్రిగ్గర్ గుంజలేదు కదా నాన్నా?" అంది.