మబ్బులో రన్‌వేకి దిగాలంటే మెట్లదారా, ఘాట్ రోడ్డా: ఏది మేలు?

తిరుమల కొండ దిగడానికి రెండు రకాల దారులున్నాయి. అలిపిరి మెట్లదారిలో కాసేపు టకటకా దిగుతాం, చదునుగా ఉన్నచోట నడుస్తాం, మళ్లీ దిగుతాం. ఘాట్ రోడ్డులో బస్సు ఒకే వాలు పట్టుకుని నిదానంగా కిందికి వచ్చేస్తుంది. వాయుగుండం పట్టి, తిరుపతి ఎయిర్‌పోర్టు ఉన్న రేణిగుంట మీద మబ్బులు కిందికి దిగిన రోజు, చిన్న విమానం నడిపే పైలట్ ముందు కూడా ఇవే రెండు దారులుంటాయి. తిరుపతిలో పుట్టి పెరిగి, సింగిల్ ఇంజిన్ సెస్నా మీద ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ (బయట ఏమీ కనబడకపోయినా మీటర్లు చూసి నడిపే అర్హత) చేసినవాణ్ని. కొత్తగా శిక్షణలో చేరిన మన పిల్లలు నన్ను ఎక్కువగా అడిగేది ఈ ప్రశ్నే.

రన్‌వే దగ్గర నుంచి రేడియో సంకేతాలతో దారి చూపే ఐఎల్ఎస్ పనిచేస్తుంటే చర్చే అక్కర్లేదు. రన్‌వే నడిమి గీతను లోకలైజర్ చూపిస్తుంది, దిగాల్సిన వాలును గ్లైడ్‌స్లోప్ చూపిస్తుంది. మామూలు కేటగిరీ-1 రకం ఐఎల్ఎస్‌లో రన్‌వేకి 200 అడుగుల ఎత్తు దాకా అలా రావచ్చు. ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ, ఇస్రో కలిసి తయారుచేసిన గగన్ కూడా ఉపగ్రహాల సాయంతో ఇలాంటి వాలునే ఇస్తుంది. 2022 ఏప్రిల్‌లో కిషన్‌గఢ్‌లో ఒక ఏటీఆర్ విమానం గగన్ సాయంతో దిగింది. మీ విమానంలో దానికి తగిన రిసీవర్ ఉండి, ఆ రన్‌వేకి గగన్ చార్ట్ (దిగే దారి పటం) కూడా ఉంటే నిశ్చింతగా వాడుకోండి.

అసలు చిక్కు ఎడమకో కుడికో తప్పకుండా దిశ చూపించే సాధనమే ఉండి, వాలు చూపించేది లేనప్పుడు వస్తుంది. వీఓఆర్ అనే రేడియో కేంద్రం చూపే దిశను పట్టుకుని దిగే వీఓఆర్ అప్రోచ్ అంటే అదే. గ్లైడ్‌స్లోప్ రిపేర్‌లో ఉండి లోకలైజర్ ఒక్కటే మిగిలినా అంతే. చార్ట్‌లో ఫలానా దూరం దాకా ఫలానా ఎత్తుకు తగ్గకూడదని మెట్లు మెట్లుగా రాసి ఉంటుంది. రన్‌వే కనబడితేనే చివరి మెట్టు కిందికి దిగాలి, కనబడకపోతే పైకి వెళ్లిపోవాలి.

మెట్ల పద్ధతి మీద కొందరికి ఎందుకంత మక్కువో నాకు అర్థమవుతుంది. గబగబా చివరి మెట్టుకు దిగిపోతే మబ్బుల కింద పడతాం, నేల కనబడుతుంది, మనసు కుదుటపడుతుంది. లెక్క వేసి చూద్దాం. చివరి మెట్టు రన్‌వేకి 500 అడుగుల ఎత్తులో ఉందనుకోండి. ఘాట్ రోడ్డులా ఒకే 3 డిగ్రీల వాలులో వస్తే ఆ ఎత్తు రన్‌వేకి దాదాపు 3 కిలోమీటర్ల దూరంలోనే వచ్చేస్తుంది. వానలో చూపు కిలోమీటరున్నరే ఆనుతుంటే అక్కడికి రన్‌వే కనబడదు, తిరిగి వెళ్లిపోవాల్సిందే. మెట్లవాడు మాత్రం ఆ 500 అడుగుల దగ్గరే చదునుగా ముందుకు వచ్చి రన్‌వేని చూస్తాడు.

చూశాక ఏమవుతుందో కూడా లెక్కవేయాలి. 90 నాట్ల వేగంలో ఆ కిలోమీటరున్నర దాటడానికి పట్టేది 32 సెకన్లు. అందులో 500 అడుగులు దిగాలంటే నిమిషానికి 900 అడుగులకు పైనే దిగాలి. అంటే మామూలు వాలుకు రెట్టింపు. అదీ తడి రన్‌వే మీదికి, అద్దం మీద నీళ్లు కారుతుండగా. ఫ్లాప్స్ (రెక్కల వెనక కిందికి వంగే పలకలు) పూర్తిగా వేస్తే సెస్నా దిగగలదు. కానీ నేలకు అంత దగ్గరలో అంత నిటారుగా దిగడం నాకు ససేమిరా ఇష్టం లేదు.

రెండో భయం ఇంకా పెద్దది. ప్రతి మెట్టు దగ్గరా పవర్ పెంచాలి, ముక్కు ఎత్తాలి, ముక్కును ఆ స్థితిలోనే నిలిపే ట్రిమ్ సరిచేయాలి, దూరం చూడాలి. నేను బయట కనబడకుండా కళ్లకు హుడ్ పెట్టుకుని మీటర్లతో నడపడం నేర్చుకుంటున్న రోజుల్లో ఒక మెట్టు దగ్గర రేడియోలో జవాబు చెబుతూ ఎత్తు చూపే ఆల్టిమీటర్‌ను చూడటం వదిలేశాను. ముల్లు గీత దాటి 120 అడుగులు కిందికి జారింది. పక్కన కూర్చున్న సార్ కంట్రోల్ అందుకుని, “చూడబ్బా, కొండ ఉంటే నీకు చెప్పి రాదు” అన్నారు. ఆయన గొంతు పెంచలేదు. నాకు మాత్రం చేతులు చెమటపట్టాయి. 1997 ఆగస్టు 6న గువామ్‌లో కొరియన్ ఎయిర్ 801 విమానం ఇలాంటి మెట్లను దాటి కిందికి దిగి కొండను ఢీకొంది, 228 మంది పోయారు. ఆ రోజు అక్కడ గ్లైడ్‌స్లోప్ పనిచేయడం లేదు. మనకీ కొండలు దూరమేమీ కావు. పడమర నుంచి రేణిగుంట 08 రన్‌వేకి వచ్చేవాడికి ఎడమ చేతి వైపు శేషాచలమే. మబ్బు పట్టిన రోజు అది కంటికి కనబడదు.

అందుకే నా ఓటు ఘాట్ రోడ్డుకే. గ్రౌండ్ స్పీడ్‌లో (నేలతో పోల్చిన వేగంలో) సగం తీసుకుని చివర సున్నా చేర్చండి, దిగాల్సిన వేగం వస్తుంది: 90 నాట్లకు నిమిషానికి 450 అడుగులు. ఎదురుగాలి వల్ల అది 75కి పడిపోతే 375 చాలు. ఒకసారి పవర్ సర్దుకుంటే చేతికి పెద్దగా పని ఉండదు, కళ్లు మీటర్ల మీదే ఉంటాయి. మోకాలి ప్యాడ్ మీద పెన్సిల్‌తో ముందే రాసుకుంటాను: 5 నాటికల్ మైళ్ల దగ్గర 1,500 అడుగులు, 4 దగ్గర 1,200, 3 దగ్గర 900, 2 దగ్గర 600. ఇవి రన్‌వే నుంచి ఎత్తులు. రేణిగుంట నేల ఎత్తు సుమారు 350 అడుగులు కలిపితేనే ఆల్టిమీటర్‌లో చూడాల్సిన అంకె వస్తుంది. వాలులో వస్తున్నా చార్ట్‌లోని ఏ మెట్టుకూ కిందికి పోకూడదు. చివరి మెట్టుకు నేను ఇంకో 50 అడుగులు కలుపుకుంటాను. ఎందుకంటే పవర్ ఇచ్చి పైకి లేచేలోపు విమానం కొంత కిందికి జారుతుంది.

మెట్లు మేలైన సందర్భం లేకపోలేదు. పగలు, చూపు బాగా ఆనుతూ, పలచటి మబ్బు పొర ఒక్కటే అడ్డమైతే త్వరగా దాని కిందికి దిగడంలో తప్పులేదు. రాత్రిపూట, జోరువానలో మాత్రం వద్దు.

ఘాట్ రోడ్డు ఎంచుకున్నవాడు రన్‌వే చూడకుండా తిరిగి వెళ్లే రోజులు ఎక్కువ. కాబట్టి అప్పుడు వెళ్లి దిగే వేరే ఎయిర్‌పోర్టు, దానికి చాలినంత ఇంధనం టేకాఫ్‌కి ముందే తేలిపోవాలి. చెన్నై అరగంటే కదా అనిపిస్తుంది గానీ, బంగాళాఖాతంలో వాయుగుండం వస్తే రేణిగుంటకీ చెన్నైకీ ఒకే వాన. అలాంటప్పుడు నేను బెంగళూరు వాతావరణం చూసి అదే రాసుకుంటాను. దాదాపు గంట ప్రయాణం, అక్కడికి చేరాక ఇంకో 45 నిమిషాలకు సరిపడా ఇంధనం ట్యాంకులో మిగలాలి. ఆ లెక్క కుదరకపోతే ఆ రోజు విమానాన్ని హ్యాంగర్‌లోంచి బయటికి తీయను.