పాత విన్‌చెస్టర్ సింగిల్ షాట్ కొంటున్నారా? ముందు కోడీ లెటర్ తెప్పించుకోండి

వయోమింగ్ రాష్ట్రంలో కోడీ అని ఒక ఊరుంది. ఎల్లోస్టోన్ తూర్పు గేటు దాటి యాభై మైళ్లు పోతే వస్తుంది. అక్కడి బఫెలో బిల్ సెంటర్ ఆఫ్ ది వెస్ట్ మ్యూజియంలో విన్‌చెస్టర్ అనే తుపాకుల కంపెనీ ఫ్యాక్టరీ నాటి పాత లెడ్జర్లు ఉన్నాయి. మన రైఫిల్ సీరియల్ నంబర్ పంపిస్తే చాలు, ఆ నంబరుకి ఎదురుగా ఆనాటి గుమస్తా ఏం రాసిపెట్టాడో చూసి, మ్యూజియం లెటర్‌హెడ్ మీద రాసి పంపిస్తారు. పాత తుపాకులు సేకరించే కలెక్టర్లు దాన్నే ఫ్యాక్టరీ లెటర్ అంటారు, కోడీ లెటర్ అన్నా అందరికీ తెలుస్తుంది. పాత రైఫిళ్లు ఏవి కొన్నా ఇది పనికొస్తుంది గానీ, 1885 మోడల్ సింగిల్ షాట్ (ఒక్కో తూటా చేత్తో పెట్టి కాల్చేది) కొనేవాళ్లకి మాత్రం ఇది లేకుండా డబ్బు చేతులు మారకూడదని నా గట్టి అభిప్రాయం.

1885 గురించి కాస్త చెప్పాలి. తుపాకులు తయారుచేసే జాన్ బ్రౌనింగ్ ఈ యాక్షన్‌కి, అంటే తూటా పెట్టి మూసి పేల్చే యంత్రాంగానికి, పేటెంట్ తీసుకున్నది 1879 అక్టోబరు 7న. అప్పటికి ఆయనకి 24 ఏళ్లు. యూటాలోని ఆగ్డెన్‌లో అన్నదమ్ములు కలిసి చిన్న షాపులో ఈ రైఫిళ్లు చేసి అమ్మేవాళ్లు. 1883లో విన్‌చెస్టర్ తరఫున టి.జి. బెన్నెట్ అంత దూరం వచ్చి 8,000 డాలర్లకి హక్కులు కొనుక్కుపోయాడు. 1885 నుంచి 1920 దాకా సుమారు 1,40,000 తయారయ్యాయి.

లీవర్ కిందికి నొక్కితే బ్రీచ్ బ్లాక్ అనే ఉక్కు దిమ్మ రెండు గోడల మధ్య నిలువుగా దిగుతుంది, హ్యామర్ (తూటాని పేల్చే సుత్తి) కూడా దాంతోపాటే దిగిపోతుంది. తూటాని వేలితో లోపలికి తోసి లీవర్ పైకి లాగితే దిమ్మ పైకి లేచి బ్యారెల్ వెనక భాగాన్ని పూర్తిగా మూసేస్తుంది, హ్యామర్ ఎక్కుపెట్టి ఉంటుంది. పక్క గోడలు ఎత్తుగా ఉంటే హై వాల్, చిన్న తూటాల కోసం గోడలు తగ్గిస్తే లో వాల్. నా హై వాల్ వయసు నూట ముప్పై దాటింది. ఇప్పటికీ ఆ దిమ్మలో వెంట్రుకవాసి ఊగులాట లేదు. చివర్లో లీవర్ బిగుసుకునేటప్పుడు అరచేతికి తెలిసే ఆ మెత్తటి బిగువు కోసమే ఎన్నిసార్లయినా తెరిచి మూయాలనిపిస్తుంది. మ్యాగజైన్ లేదు కాబట్టి లోపల భాగాలు తక్కువ, ఉన్నవన్నీ బలంగా ఉన్నాయి. రెండు వందల గజాల టార్గెట్ షూటింగ్‌కి ఆ రోజుల్లో మంచి షూటర్లు ఈ యాక్షన్‌నే ఏరికోరి ఎందుకు తీసుకున్నారో చేతిలో పట్టుకుంటే అర్థమవుతుంది.

ఇంత బలమైన యాక్షన్ కావడమే కలెక్టర్లకి ఇబ్బంది కూడా అయింది. విన్‌చెస్టర్ దీన్ని .22 నుంచి .50 దాకా లెక్కలేనన్ని తూటాలకి తయారుచేసింది. బ్యారెల్ గుండ్రంగా కావాలా, ఎనిమిది పలకలదా, ట్రిగ్గర్ మామూలుదా, సెట్ ట్రిగ్గరా (ముందే సిద్ధం చేస్తే తేలిగ్గా తాకినా పేలేది) అని కొనేవాడు ఏది అడిగితే అది చేసిచ్చింది. తర్వాతి తరాల గన్‌స్మిత్‌లు బ్యారెల్ అరిగిపోయిన ప్రతి హై వాల్‌నీ తమ ఇష్టం వచ్చినట్టు మార్చుకున్నారు. 1930ల తర్వాత .22 హార్నెట్ లాంటి కొత్త తూటాల బ్యారెళ్లు బిగించినవి కొల్లలు. అరిగిన .32-40 తూటా బ్యారెల్‌నే లోపల తొలిచి, ఇంకాస్త లావు తూటా అయిన .38-55కి చేసినవీ ఉన్నాయి. చేసినవాళ్లు మంచి పనివాళ్లు. అందుకే బయటి నుంచి చూసి కనిపెట్టడం అనుభవం ఉన్నవాళ్లకే కష్టం.

ఒక గన్ షోలో .38-55 హై వాల్ చూశాను. అమ్మే పెద్దాయన అన్నీ ఒరిజినలే అన్నాడు, ధర కూడా ఒరిజినల్ రైఫిల్‌కి పలికే ధరే చెప్పాడు. బ్యారెల్ మీద .38-55 అని ఉన్న చోట లోహం కాస్త నొక్కుకుపోయినట్టు కనిపించింది. దీపం పక్కగా పట్టి చూస్తే 8 అంకె కింద ఏదో పాత గీత నీడలా ఉంది. లీవర్ వెనక, కింది ట్యాంగ్ (చెక్కలోకి వెళ్లే ఉక్కు పట్టీ) మీదున్న నంబర్ రాసుకున్నాను. మ్యూజియంలో సభ్యత్వం ఉంటే ఫోన్ చేసి నంబర్ చెప్పి వివరాలు అడగొచ్చు. లెడ్జర్ ప్రకారం ఆ రైఫిల్ ఫ్యాక్టరీ నుంచి బయటికి వెళ్లింది .32-40గా, మామూలు ట్రిగ్గర్‌తో. ఆయన బల్ల మీదున్నదానికి మాత్రం డబుల్ సెట్ ట్రిగ్గర్ ఉంది. కాల్చుకోవడానికి అది మంచి రైఫిలే, మార్చిన పనిలో నాకు వంక కనిపించలేదు. ఆ మాటే ఆయనకి చెప్పాను, కలెక్టర్ ధర మాత్రం ఇవ్వలేనన్నాను. బేరం కుదరలేదు.

ఇప్పుడు నా దగ్గరున్నదాని లెటర్ సంగతి. కాగితం ఒక్క పేజీ. రకం: రైఫిల్. కాలిబర్: .38-55. బ్యారెల్: ఆక్టగన్ (ఎనిమిది పలకలది). ట్రిగ్గర్: సెట్. గోదాములోకి వచ్చిన తేదీ 1892 మార్చి, బయటికి పంపిన తేదీ అదే ఏడాది మే, కింద ఆర్డర్ నంబర్. నా రైఫిల్‌తో ఒక్కో ముక్కా సరిపోయింది. అన్నిటికంటే నన్ను కదిలించింది చివరి వాక్యం: 1900లో ఒకసారి ఫ్యాక్టరీకి తిరిగొచ్చి రిపేరై వెళ్లిందని ఉంది. అంటే ఎనిమిదేళ్లు ఎవరో దీన్ని బాగా వాడారు. వాడి పారేయకుండా, రైలెక్కించి విన్‌చెస్టర్ ఫ్యాక్టరీ ఉన్న న్యూ హేవెన్ దాకా పంపి బాగుచేయించుకున్నారు. అది ఇంట్లో దాచిన ఆట వస్తువు కాదు, ఎవరికో పనికొచ్చిన, ఎవరో ప్రేమగా చూసుకున్న పనిముట్టు. దాని స్టాక్ (చెక్క పిడి) మీదున్న గీతలకి పాలిష్ పెట్టించమని సలహా ఇచ్చినవాళ్లున్నారు. ఆ వాక్యం చదివాక ఆ గీతలు ముట్టుకోనివ్వను.

ఈ లెటర్‌కి హద్దులున్నాయి, అవి తెలిసే అడగాలి. విన్‌చెస్టర్ గుమస్తాలు మామూలుగా కొన్నవాడి పేరు గానీ, ఏ ఊరికి పంపారన్నది గానీ ఆ పుస్తకాల్లో రాయలేదు. కాబట్టి మీ రైఫిల్ ఫలానా షెరీఫ్‌దని ఎవరైనా కథ చెబితే ఈ కాగితం దాన్ని నిలబెట్టదు. 1885 మోడల్‌కి 1 నుంచి 109,999 నంబర్ల వరకే రికార్డులున్నాయి, ఆ పైవాటికి లేవు. ఇంకో ముఖ్యమైన సంగతి, లెటర్ చెప్పేది ఆ నంబర్ రైఫిల్ ఆనాడు ఎలా వెళ్లిందో మాత్రమే. ఈనాడు మీ చేతిలో ఉన్నది అలాగే ఉందని హామీ ఇవ్వదు. పోల్చి చూసుకునే పని మనదే.

చట్టం వైపు నుంచి కూడా ఆ తేదీకి విలువుంది. 1898 చివరి లోపు తయారైన రైఫిల్ 1968 గన్ కంట్రోల్ యాక్ట్ ప్రకారం యాంటిక్, ఆధునిక ఫైర్‌ఆర్మ్ కింద లెక్కలోకి రాదు. నంబర్ ఆ సరిహద్దు దగ్గర్లో ఉంటే లెటర్ మీద తేదీ మంచి ఆధారం. రాష్ట్రాల చట్టాలు వేరుగా ఉండొచ్చు, అవి విడిగా చూసుకోవాలి. మనవాళ్ల కోసం ఒక మాట: హెచ్-1బీ లాంటి వీసా మీద ఉన్నవాళ్లకి హంటింగ్ లైసెన్స్ వంటి కొన్ని మినహాయింపులు తప్ప తుపాకులూ తూటాలూ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. నేను గ్రీన్ కార్డ్ చేతికి వచ్చేదాకా మ్యూజియం అద్దాల బయటి నుంచే చూశాను.

ఫీజు ఎంతో వాళ్ల వెబ్‌సైట్‌లో చూసుకోండి, మంచి హై వాల్ ధరతో పోలిస్తే చాలా చిన్న ఖర్చు. నంబర్ పంపేటప్పుడు భూతద్దంతో రెండుసార్లు చదవండి, పాత రైఫిళ్ల మీద 3కీ 8కీ తేడా ఇట్టే తెలియదు. బ్యారెల్ రకం, ట్రిగ్గర్, కాలిబర్ ముద్ర, వీటన్నిటినీ లెటర్ రాకముందే ఫొటోలు తీసి, చూసింది చూసినట్టు రాసిపెట్టుకోండి. లెటర్ చదివాక రైఫిల్ చూస్తే, అందులో ఉన్నదే కంటికి కనిపిస్తుంది.

ఎల్లోస్టోన్ ప్రయాణం ఎలాగూ పెట్టుకుంటే తూర్పు గేటు నుంచి బయటికి వచ్చి ఒక పూట కోడీలో ఆగండి. అక్కడి ఫైర్‌ఆర్మ్స్ మ్యూజియంని 2019లో పూర్తిగా కొత్తగా తీర్చిదిద్దారు. అద్దాల వెనకున్న సింగిల్ షాట్‌లు, వాటి చెక్కడాలు నింపాదిగా చూడాలంటే ఆ పూట కూడా చాలదు. పిల్లలకి విసుగు పుడితే అదే టికెట్ మీద ఎల్లోస్టోన్ జంతువుల గురించిన మ్యూజియం పక్కనే ఉంది.