ఎనిమిదేళ్లుగా వాడుతున్న అరితా టీ కప్పులు: నీలం నిలిచింది, బంగారం చెరిగింది

2017 మే తొలి వారంలో జపాన్‌లోని అరితాలో రెండు టీ కప్పులు కొన్నాను. ఒకదాని మీద తెల్లని పింగాణీపై నీలి తీగలు. రెండోదాని మీద ఎర్ర పూలు, అంచు చుట్టూ బంగారు గీత. రెండూ చేత్తో చిత్రించినవే. అంగట్లో చూసినప్పుడు ఎర్ర పూల కప్పు మీదే నా చూపు నిలిచింది. ధర కూడా దానికే ఎక్కువ, 9,000 యెన్లు. నీలి కప్పుకు 6,500 ఇచ్చాను. ఫుకుఓకాలోని మా ఇంట్లో అప్పటి నుంచి ఈ రెండింటినీ దాదాపు రోజూ వాడుతున్నాం. ఇప్పుడు ఎవరైనా అడిగితే, రోజూ టీ తాగడానికైతే నీలి కప్పే కొనుక్కోండని గట్టిగా చెబుతాను. ఎందుకో వివరంగా రాస్తాను.

ఇలాంటి కప్పును జపాన్‌లో యునోమి అంటారు. దీనికి పిడి ఉండదు. వెడల్పు కన్నా ఎత్తు ఎక్కువ. మాచా అనే ఆకుపచ్చ టీ పొడిని నీళ్లలో గిలక్కొట్టే పెద్ద గిన్నె వేరు; ఇది ఇంట్లో మామూలుగా ఆకు టీ తాగే కప్పు. మా నీలి కప్పు ఎత్తు 8 సెంటీమీటర్ల పైచిలుకు. అంచుకు కాస్త కిందికి పోస్తే 180 మిల్లీలీటర్లు పడుతుంది. అంచు పల్చన, అడుగు మందం. చేతిలోకి తీసుకుంటే బరువంతా అడుగున ఉన్నట్టు తెలుస్తుంది, అందుకే బల్ల మీద తొణకదు. కిటికీ వెలుగుకు ఎదురుగా పట్టుకుంటే వేళ్ల నీడ లోపలి గోడ మీద కనిపిస్తుంది.

నీలి కప్పు మీది తీగల నమూనాకు తాకో కరకుసా అని పేరు. తాకో అంటే ఆక్టోపస్. మెలికలు తిరిగే తీగకు వరసగా అంటుకుని ఉండే చిన్న చిన్న ఆకులు, ఆక్టోపస్ చేతుల మీది గుండ్రటి బొడిపెల్లా ఉంటాయని ఆ పేరు పెట్టారు. కప్పు వెనక వైపు, అడుగుకు దగ్గరగా ఒక చోట, గీస్తూ గీస్తూ ఉండగా కుంచెలో రంగు అయిపోయినట్టుంది. గీత లేతబడి ఆగింది. పక్కనే, మళ్లీ ముంచిన కుంచెతో ముదురుగా మొదలైంది. రెండూ కలిసిన చోట ఆవగింజంత చుక్క ఒకటి నిలిచిపోయింది. కొన్న నెల రోజులకు గానీ నేను దాన్ని చూడలేదు. ఇప్పుడు టీ చల్లారే లోపు నా బొటనవేలు దానంతటదే ఆ చుక్క దగ్గరికి వెళ్తుంది. తడిమితే ఏమీ తగలదు, నున్నగా ఉంటుంది.

ఆ నున్నదనంలోనే అసలు విషయమంతా ఉంది. అరితాలో ఒక బట్టీ దగ్గర ఈ పని జరుగుతుండగా చూశాను. వాడే రంగు గోసు, అంటే కోబాల్టు. వేసేటప్పుడు అది బూడిద నలుపులో ఉంటుంది, నీలం జాడే కనిపించదు. ముందు సన్నని కుంచెతో గీతలు గీస్తారు. తర్వాత దామి అనే పని. లావాటి కుంచె నిండా పల్చని గోసు తీసుకుని, గీతల మధ్య నీళ్లలా వదిలి, ఆ చెమ్మను కుంచె కొనతో నడిపిస్తూ, మిగిలినదాన్ని మళ్లీ కుంచెలోకే లాక్కుంటారు. ఒకసారి మాత్రమే కాల్చిన పింగాణీ అద్దుడు కాగితంలా రంగును పీల్చేస్తుంది కాబట్టి చెరిపి దిద్దడం కుదరదు. అరితాలో దామి సంప్రదాయంగా ఆడవాళ్ల చేతి పని. నేను చూసిన చోట ఇద్దరు పెద్దావిడలు చేస్తున్నారు. ఒక్కరూ తల ఎత్తలేదు.

ఆ తర్వాత కప్పును గాజుపూతలో ముంచి 1300 డిగ్రీల దగ్గర కాలుస్తారు. పూత కరిగి, గాజై, బొమ్మ మీద పరుచుకుంటుంది. నీలమంతా ఆ గాజు కింద భద్రం. స్పాంజీ గానీ, సబ్బు గానీ, పెదవి గానీ రంగును ఎన్నడూ తాకవు. అరితాలోని తోజాన్ మందిరం ముందు పింగాణీతో చేసిన తోరణం ఒకటి ఉంది. 1888లో నిలబెట్టినది. దాని తెల్లటి స్తంభాల మీద కూడా ఇలాంటి నీలి తీగలే. ఆరుబయట ఎండలో, వానలో ఉన్నా ఆ నీలం ఇంకా నీలంగానే ఉంది. ఇక మా వంటగదిలో ఎనిమిదేళ్లు ఒక లెక్కా!

ఎర్ర కప్పు సంగతి వేరు. గాజుపూతతో కాల్చేశాక, దాని పైన ఎరుపు, ఆకుపచ్చ రంగులు వేసి 800 డిగ్రీల దగ్గర ఇంకోసారి కాలుస్తారు. బంగారం ఆ తర్వాత, అంతకంటే తక్కువ వేడిలో. రంగులు గాజు మీదే కూర్చుంటాయి. వేలితో తడిమితే పూరేకులు ఉబ్బెత్తుగా తగులుతాయి. అందమూ ఆ రంగులదే, అరుగుదలా వాటిదే. మూడో ఏడు వచ్చేసరికి బంగారు గీత ఒక చోట పల్చబడింది. గమనిస్తే అది సరిగ్గా నా పెదవి ఆనే చోటు. ఈ కప్పులకు ముందు వైపు అంటూ ఒకటి ఉంటుంది, ముఖ్యమైన పువ్వు అక్కడే వేస్తారు. ఆ పువ్వు నా వైపుకు తిప్పి తాగడం నాకు అలవాటు. అందుకని ప్రతిసారీ ఒకే చోట నోరు పెట్టాను. ఇప్పుడు అక్కడ అంగుళం మేర బంగారం లేదు, తెల్లటి అంచే ఉంది. గిన్నెలు కడిగే యంత్రంలో ఏడాది పాటు పెట్టడం వల్ల ఎరుపు కూడా మెరుపు తగ్గింది. నీలి కప్పు కూడా అదే యంత్రంలో, అదే ఏడాది, పక్కపక్కనే ఉంది. దానికి ఏమీ కాలేదు. బంగారం ఉన్నదాన్ని మైక్రోవేవ్‌లో పెట్టకూడదని వేరే చెప్పాలా, నిప్పురవ్వలు లేస్తాయి.

వేడి గురించి చెప్పాలి. పల్చని పింగాణీ, పైగా పిడి లేదు. మరిగే మరిగే పాల టీ పోస్తే పట్టుకోవడం కష్టమే. అమ్మ గుంటూరు నుంచి వచ్చినప్పుడు అలాగే పోసుకుంది. దీనికి పిడి ఉండదని నేను చెప్పబోతుంటే, "మన స్టీలు గ్లాసుకు మాత్రం పిడి ఉందా నాన్నా?" అంటూ పైన అంచును చూపుడువేలితో, అడుగును బొటనవేలితో పట్టుకుని, కొంగు కూడా అడ్డం పెట్టుకోకుండా తాగేసింది. ఇక్కడివాళ్లు పట్టుకునేదీ దాదాపు అలాగే, రెండో చెయ్యి అడుగున ఆనిస్తారు, అంతే తేడా. అడుగున ఉంగరంలా ఉన్న కట్టు వల్ల వేడి అక్కడికి అంతగా దిగదు.

ఆకుపచ్చ టీ అయితే ఆ ఇబ్బందే లేదు. సెంచా ఆకుకు 70 నుంచి 80 డిగ్రీల నీళ్లు చాలు, అంతకంటే వేడైతే చేదు దిగుతుంది. నేను కెటిల్లో మరిగిన నీళ్లను ముందు ఈ కప్పులో పోస్తాను. ఒక పాత్రలోంచి మరో పాత్రలోకి మారినప్పుడల్లా సుమారు 10 డిగ్రీలు తగ్గుతుంది. కప్పు చేత్తో పట్టుకోగలిగేంత అయ్యాక ఆ నీళ్లు టీ కుండలో ఆకు మీద పోస్తాను. కొలతా అయిపోతుంది, కప్పూ వెచ్చబడుతుంది. అరితాకు దగ్గర్లోనే ఉన్న ఉరెషినోలో పండే ఆకు సూదిలా కాకుండా చుట్టుకుని ఉంటుంది. ఆ టీ లేత పసుపు పచ్చన లోపలి తెలుపు మీద ఎంత బాగుంటుందో! ముదురు మట్టి కప్పులో ఆ రంగు తెలియదు. యామాగుచిలోని హగి మట్టి కప్పులు టీని పీల్చుకుని ఏళ్ల తరబడి రంగు మారుతూ ఉంటాయి, దాన్ని ఇష్టపడేవాళ్లు ఉన్నారు. పింగాణీ ఏమీ పీల్చుకోదు. పొద్దున కాఫీ తాగి సాయంత్రం సెంచా పోసినా వాసన రాదు. లోపల టీ మరక పడితే వంటసోడా తడిపి వేలితో రుద్దుతాను, పోతుంది. ఎర్ర కప్పు బయటి వైపు మాత్రం సోడా తగలనివ్వను.

నీలి కప్పుకూ దెబ్బ తగిలింది. 2021లో కుళాయికి తగిలి అంచున బియ్యపు గింజంత పెచ్చు ఊడింది. కింత్సుగి చేయించాను. అంటే పెచ్చు ఊడిన చోటును ఒక రకం చెట్టు పాలతో చేసే లక్కతో పూడ్చి, పైన బంగారు పొడి అద్దుతారు. ఆ లక్క చెమ్మ ఉన్న గాలిలో మెల్లగా గట్టిపడాలి కాబట్టి కప్పు ఇంటికి రావడానికి రెండు నెలలు పట్టింది. ఖర్చు కప్పు ధరలో సగం పైనే అయింది. అయినా చేయించినందుకు నాకు సంతోషం. కాకపోతే అప్పటి నుంచి యంత్రంలో పెట్టడం మానేశాను, లక్క అతుకు ఆ వేడికి తట్టుకోదు. ఇంకో లోపం, పూత లేని అడుగు కట్టు కొత్తలో గరుకుగా ఉండి మా బల్ల మీద గీతలు పెట్టింది. సన్నని ఉప్పు కాగితంతో నాలుగుసార్లు రుద్దితే సరిపోయింది. కొన్న రోజే చేయాల్సిన పని.

కొనేవాళ్లకు ఒక మాట. చేత్తో వేసినట్టు కనిపించేలా బొమ్మ అచ్చు వేసిన కప్పులు అరితాలో కూడా దొరుకుతాయి, అవి చవక. వాటిని వద్దనను, కానీ చేతి పని ధర మాత్రం ఇవ్వకండి. కప్పును తిప్పుతూ నమూనా కలిసే చోటు వెతకండి. అచ్చయితే అక్కడ తీగ తెగి అతికినట్టుంటుంది, లేదా ఒకే ఆకు ఏ తేడా లేకుండా మళ్లీ మళ్లీ వస్తుంది. చేతి పనిలో గీత చివర నీలం గూడు కట్టి ముదురుగా ఉంటుంది, ఏ రెండు ఆకులూ ఒకలా ఉండవు. ఏటా ఏప్రిల్ 29 నుంచి మే 5 వరకు అక్కడ పింగాణీ సంత జరుగుతుంది. ఫుకుఓకాలోని హకాతా స్టేషన్ నుంచి ఎక్స్‌ప్రెస్ రైలులో గంటన్నర లోపే. పొద్దున్నే వెళ్లండి, సంచీలో పాత తువ్వాలు ఒకటి పెట్టుకోండి.