మోడ్‌బస్ ఆర్‌టీయూ ఫ్రేమ్: ఏళ్ల తరబడి వాడాక నా అభిప్రాయం

ఎనర్జీ మీటర్లు, వీఎఫ్‌డీలు (మోటార్ వేగం మార్చే డ్రైవ్‌లు), టెంపరేచర్ కంట్రోలర్లు, ఏ కంపెనీవైనా సరే, నేను పనిచేసిన ప్లాంట్లలో ఒకే ట్విస్టెడ్ పెయిర్ మీద వీటన్నిటితో మాట్లాడించింది మోడ్‌బస్ ఆర్‌టీయూ అనే ప్రోటోకాలే. 1979లో మోడికాన్ వాళ్లు తమ పీఎల్‌సీల (మెషీన్లని నడిపే కంట్రోలర్ల) కోసం చేసుకున్న ఫార్మాట్ ఇది. ఇందులో నాకు అన్నిటికంటే నచ్చింది, ఫ్రేమ్‌ని, అంటే లైన్ మీద వెళ్లే ఒక్కో మెసేజ్‌ని, కంటితో చదివేయొచ్చు.

స్లేవ్ (అడిగితే జవాబిచ్చే పరికరం) అడ్రస్ ఒక బైట్, ఏం చేయాలో చెప్పే ఫంక్షన్ కోడ్ ఒక బైట్, తర్వాత డేటా, చివర తప్పులు పట్టే రెండు బైట్ల సీఆర్‌సీ, అంతా కలిపి 256 బైట్లు దాటదు. లైన్ మీద హెక్స్‌లో 01 03 00 00 00 02 సీ4 0బీ కనబడిందంటే, ఒకటో నంబర్ మీటర్‌ని మొదటి రెండు హోల్డింగ్ రిజిస్టర్లు (విలువలు ఉండే 16 బిట్ల గడులు) అడుగుతున్నారని చూడగానే తెలుస్తుంది. జవాబులో 03 బదులు 83 వచ్చి, దాని వెనక 02 ఉంటే ఆ రిజిస్టర్ అక్కడ లేదని అర్థం. అలా ఎర్రర్ వచ్చినా నాకు సంతోషమే, ఎందుకంటే వైరింగ్, బాడ్ రేట్ (లైన్ వేగం), పారిటీ (క్యారెక్టర్‌లో తప్పు పట్టే బిట్) అన్నీ బాగున్నట్టు అక్కడే తేలిపోతుంది, ఇక చూసుకోవాల్సింది రిజిస్టర్ మ్యాప్ (ఏ విలువ ఏ రిజిస్టర్‌లో ఉందో చెప్పే పట్టిక) ఒక్కటే.

ఇబ్బంది ఎక్కడంటే, ఫ్రేమ్ అయిపోయిందని చెప్పే బైట్ ఏదీ ఇందులో లేదు. లైన్ మూడున్నర క్యారెక్టర్ల సేపు ఖాళీగా ఉంటే అయిపోయినట్టు లెక్క. 9600 బాడ్‌లో అది దాదాపు 4 మిల్లీసెకన్లు. నేరుగా కేబుల్ మీద దీనితో పేచీ లేదు, కానీ మధ్యలో రేడియో మోడెమ్ పెట్టి చూడండి, అది ఫ్రేమ్‌ని రెండు ముక్కలుగా పంపిందా, స్లేవ్ ఆ రెండు ముక్కల్నీ పారేసి ఊరుకుంటుంది, ఎర్రర్ కూడా పంపదు, మనకి కనబడేది ఉత్త టైమవుట్. యూఎస్‌బీ కన్వర్టర్లలో కూడా లేటెన్సీ టైమర్ (వచ్చిన డేటాని పట్టి ఉంచే టైమ్) 16 మిల్లీసెకన్లకి సెట్ చేసి ఉంటే పోలింగ్, అంటే మీటర్లని వరసగా అడగడం, ఎందుకు నత్తనడక నడుస్తోందో అర్థం కాక తల పట్టుకోవాలి. ముందు దాన్ని తగ్గించండి.

పారిటీ సంగతి కూడా చెప్పాలి. స్టాండర్డ్ ప్రకారం క్యారెక్టర్‌కి 11 బిట్లు, ఈవెన్ పారిటీ, పారిటీ వద్దనుకుంటే రెండు స్టాప్ బిట్లు. మార్కెట్లో దొరికే మీటర్లు చాలావరకు 8ఎన్1 (8 డేటా బిట్లు, పారిటీ లేదు, ఒక స్టాప్ బిట్), అంటే స్టార్ట్ బిట్‌తో కలిపి 10 బిట్లే. కొత్త మీటర్ లైన్‌లో కలిపేముందు ఇది సరిచూడకపోతే అది పలకదు.

నాకు నిజంగా కోపం తెప్పించేది మాత్రం 32 బిట్ల ఫ్లోట్, అంటే రెండు రిజిస్టర్లలో వచ్చే దశాంశ సంఖ్య. ఒక రిజిస్టర్‌లో పై బైట్ ముందు రావాలని ప్రోటోకాల్ చెప్తుంది, రెండు రిజిస్టర్లు కలిపినప్పుడు ఏది ముందో చెప్పదు. 230.5 వోల్టులు హెక్స్‌లో 4366, 8000గా వస్తాయి. అవే తిరగబడి వస్తే స్క్రీన్ మీద మైనస్ 0.00 కనబడుతుంది, సీఆర్‌సీ మాత్రం పక్కాగా సరిపోతుంది! మీటర్ పాడైందని వెనక్కి పంపేసిన వాళ్లని చూశాను.

స్పీడ్ విషయంలో, పది రిజిస్టర్లు కావాలంటే పదిసార్లు అడగకండి. 9600లో, 11 బిట్ల లెక్కన, ఒకేసారి అడిగితే రానూపోనూ బైట్లకి 38 మిల్లీసెకన్లు, విడివిడిగా అయితే 172, మధ్యలో ఖాళీలూ మీటర్ ఆలోచించే టైమూ దానికి అదనం. ఒక రిక్వెస్ట్‌లో 125 వరకు అడగొచ్చు, అయితే కొన్ని మీటర్లు అంత ఇవ్వవు, మాన్యువల్ చూడాలి.

కేబుల్ మీద అయితే నేను ఇప్పటికీ ఆర్‌టీయూనే పెడతాను. రేడియో లింక్ ఉంటే, పరికరం ఒప్పుకుంటే, ఆస్కీ మోడ్ (బైట్లని అక్షరాలుగా పంపే మోడ్‌బస్ పద్ధతి) మేలు: ఫ్రేమ్ కోలన్‌తో మొదలై సీఆర్, ఎల్ఎఫ్ అనే లైన్ ముగింపు గుర్తులతో ముగుస్తుంది కాబట్టి మధ్యలో కాస్త ఆగినా తెగిపోదు, బైట్లు మాత్రం దాదాపు రెట్టింపవుతాయి. మీటర్ కొనేటప్పుడు వర్డ్ ఆర్డర్ (రెండు రిజిస్టర్లలో ఏది ముందో) రాసి ఉన్న రిజిస్టర్ మ్యాప్ ముందే అడిగి తీసుకోండి, అది ఇవ్వలేని సప్లయర్ దగ్గర నేను కొనను.