రంగస్థలమా, వెండితెరా: నటుడికి ఏది మేలు?

నటనే ప్రాణంగా బతికే మనిషికి నాటకం మేలా, సినిమా మేలా అన్న ప్రశ్నను డబ్బుతో, పేరుతో కొలిస్తే జవాబుకు ఆట్టే సేపు పట్టదు. ఆ రెండూ నాటకంలో తక్కువే. అయినా సినిమాల్లో స్థిరపడ్డాక కూడా వీలు చిక్కితే ముఖానికి రంగు వేసుకుని వేదిక ఎక్కాలని తపించే నటులు మనకు ఎప్పుడూ ఉన్నారు. వారిని అక్కడికి లాగేదేమిటో తెలుసుకోవాలంటే, ఒకే సన్నివేశం రెండుచోట్లా ఎలా నడుస్తుందో గమనించాలి.

తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాల్లోని రాయబారం సీనునే తీసుకుందాం. నాటకంలో కృష్ణుడి వేషం కట్టినవాడే పద్యం పాడాలి. హార్మోనియం శ్రుతి అందించగానే, వచనంలో చెబుతున్న మాట తెగకుండా అతడు పద్యంలోకి ఎక్కాలి. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో, పాదాన్ని ఎక్కడ విరవాలో, రాగం ఎంతసేపు లాగాలో ముందే అభ్యాసం చేసినా, ఆ రాత్రి ఎదుట కూర్చున్న జనం వినే తీరును బట్టి అప్పటికప్పుడు మార్చుకోవలసి వస్తుంది. ఆ జనంలో సగం మందికి పద్యం కంఠతా వచ్చు. మాట తడబడితే నటుడి కంటే ముందు వారికే తెలుస్తుంది. పద్యం పండితే వన్స్‌మోర్ అని కేకలు వేస్తారు. రెండోసారి ఎత్తుకున్నప్పుడు మొదటిసారికి మించిన అర్థమేదో చూపించాలి తప్ప గొంతు పెంచితే సరిపోదు. రాగాలాపన తగ్గించి భావానికి పెద్దపీట వేసిన పీసపాటి నరసింహమూర్తి కృష్ణుడిగా తరతరాల ప్రేక్షకులకు గుర్తుండిపోవడానికి ఆ విచక్షణే కారణమని నేను నమ్ముతాను.

అదే రాయబారం 1967లో వచ్చిన శ్రీకృష్ణావతారం చిత్రంలోనూ ఉంది. అక్కడ ముఖం ఎన్.టి. రామారావుది, గళం ఘంటసాలది. ఇద్దరూ తమ తమ విద్యల్లో శిఖరాలే కాబట్టి ఫలితం గొప్పగా వచ్చింది. ఆ సన్నివేశాన్ని నేను ఎన్నిసార్లయినా చూస్తాను. అయితే తెర మీద పద్యం ఒకరి గొంతులో పుట్టి మరొకరి పెదవుల మీద పలికింది. గొంతు, చూపు, ఊపిరి, ఒళ్ళు అన్నీ ఒకే క్షణంలో ఒకే మనిషిలో కలిసి పనిచేసే అనుభవం నటుడికి వేదిక మీదే దక్కుతుంది. నాటకం మీద ప్రేమకు మూలం అక్కడే ఉందని నా అభిప్రాయం.

పాత్రతో సాగించే ప్రయాణం సంగతీ అంతే. సినిమాలో పతాక సన్నివేశాన్ని ముందు తీసి, తొలి పరిచయాన్ని నెల తర్వాత తీయవచ్చు. కోపం ఎక్కుతుండగానే కట్ వినిపించవచ్చు. నాటకంలో మొదటి గంట మోగిన దగ్గర నుంచి తెర పడేదాకా పాత్ర నటుడి చేతిలోనే ఉంటుంది. ఎదుటివాడు మాట మరిచిపోతే కథ చెడకుండా అందుకోవలసిందీ అతడే. ఇవాళ కుదరనిది రేపటి ప్రదర్శనలో సరిదిద్దుకోవచ్చు. జె.వి. రమణమూర్తి కన్యాశుల్కంలో గిరీశం పాత్రను దశాబ్దాల పాటు వేస్తూ వచ్చారు. ఒక పాత్రతో అంతకాలం కాపురం చేసే భాగ్యం సినిమా నటుడికి లేదు.

ఇంత చెప్పినా సినిమా గొప్పదనాన్ని తగ్గించలేం. క్లోజప్‌లో కనురెప్ప కదలిక చాలు. వేదిక మీద చివరి వరుసకు అందాలంటే ప్రతి భావాన్నీ పెద్దది చేయాలి, ఆ అలవాటు మానుకోలేక కెమెరా ముందు అతిగా చేసినవారూ ఉన్నారు. అన్నిటికంటే నన్ను బాధించేది నాటకం మిగలకపోవడం. బళ్ళారి రాఘవ హరిశ్చంద్రుణ్ణి మనం చదివి ఊహించుకోవలసిందే. 1939 నాటి రైతుబిడ్డ వంటి కొద్ది చిత్రాల్లోనే ఆయన కెమెరాకు చిక్కారు. స్త్రీ పాత్రలకు పేరుమోసిన స్థానం నరసింహారావు సత్యభామగా నడిచిన నడక కూడా చూసినవారితోనే పోయింది.

బతుకుతెరువు విషయంలో పోలికే లేదు. సురభి కుటుంబాల వంటివి నాటకాన్నే వృత్తిగా నిలుపుకున్నాయి గానీ, ఎక్కువమంది మరో ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రాలు రిహార్సల్‌కు వెళ్ళినవారే. జె.వి. సోమయాజులు డిప్యూటీ కలెక్టరుగా పనిచేస్తూ కన్యాశుల్కంలో రామప్పపంతులు వేషం కట్టారు. 1980లో శంకరాభరణం వచ్చాకే దేశమంతా ఆయనను గుర్తుపట్టింది. అందులో ఆయన వేసిన శంకరశాస్త్రి పాత్రకు పాటలు పాడింది ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం; కానీ మౌనంగా నిలుచున్నప్పుడు కూడా ఆ ముఖంలో కనిపించే నిండుదనం ఏళ్ళ తరబడి వేదిక మీద కూడబెట్టుకున్నదే.

అందుకే నటన నేర్చుకోవాలనుకునే వారికి నాటకమే మేలంటాను, అదీ ముందుగా. పరిషత్తు నాటికలో చిన్న పాత్ర దొరికినా వదులుకోవద్దు. ఇల్లు గడవాల్సిన వారు సినిమాకు, సీరియల్‌కు వెళ్ళడంలో తప్పేమీ లేదు, వెళ్ళాలి కూడా. అయితే ఏడాదికి ఒక్క నాటకమైనా ఒప్పుకుని, దాని రిహార్సల్ రోజుల్లో మరే షూటింగూ పెట్టుకోకుండా చూసుకోవాలి.