వేల్స్‌లో దొరల బస, ఎర్డిగ్ భవనం: ఖర్చులు, అనుభవాలు

ఉత్తర వేల్స్‌లో పల్లెటూరి దొరలా గడపండి అన్న ప్రకటనను నమ్మి, అక్టోబరులో రెక్సమ్ సమీపంలోని ఒక పాత బంగళాలో రాత్రికి 145 పౌండ్ల చొప్పున రెండు గదులు తీసుకున్నాము. గోడలకు జింక తలలు, మెట్ల కింద తుపాకుల బీరువా ఉన్నాయి గాని, హీటరు మాత్రం రాత్రి పదింటికే ఆగిపోయింది. అడిగితే పాత ఇళ్ళు ఇంతేనన్నారు.

అసలు దెబ్బ భోజనం దగ్గర తగిలింది. నలుగురికి 128 పౌండ్లు చెల్లించి తెప్పించుకున్న ‘వేట భోజనం’లో, కాల్చిన ఫెజెంట్ (వేటాడే అడవికోడి జాతి పక్షి) ముక్క కొరికిన మామగారి పంటి కింద ఆవగింజంత తుపాకీ సీసపు రవ్వ టక్కుమంది. ఆయన దాన్ని తీసి పళ్ళెం అంచున పెట్టి, “ఇది కూడా బిల్లులో కలిపారా బాబూ?” అని నన్నడిగారు. వడ్డించినవాడు క్షమాపణ చెప్పకపోగా, రవ్వలు ఉండవచ్చునని మెనూ అడుగున చిన్న అక్షరాలతో ఉన్న పంక్తిని వేలితో చూపించాడు. పన్ను అంచు విరగడంతో చెస్టర్‌లో దంతవైద్యునికి 65 పౌండ్లు ఇచ్చుకున్నాము. బసవారు పైసా ఇవ్వలేదు.

అక్టోబరు 1 నుంచి ఫిబ్రవరి 1 వరకు సాగే ఈ ఫెజెంట్ల వేటలో దొరలు వరుసగా నిలబడి ఉంటే, కూలివాళ్ళు పొదలు కొట్టి పక్షులను వారి మీదుగా ఎగిరేలా తోలుతారు. అంతకు ముందు నెలల తరబడి వాటిని మేపి కాపాడేవాడు గేమ్‌కీపర్. ఆ మనిషి ఊసే బంగళాలో లేదు. రెక్సమ్‌ను ఆనుకుని ఉన్న ఎర్డిగ్ అనే పాత భవనంలోనైతే జాక్ హెన్షా అనే గేమ్‌కీపర్‌కు 1791లో గీయించిన తైలవర్ణ చిత్రమే ఉంది! ఆ భవన యజమానులైన యార్క్ వంశీయులు తమ పనివాళ్ళకు చిత్రాలు గీయించి, వాటికి తామే పద్యాలు కూడా రాశారు. 87 ఏళ్ళ పనిమనిషి జేన్ ఎబ్రెల్ చిత్రం ముందు అత్తగారు చాలాసేపు నిలబడిపోయారు. బొగ్గు గనుల తవ్వకాలతో ఇల్లు సుమారు 5 అడుగులు కుంగినా, కరెంటు లేకపోయినా అందులోనే కాపురమున్న చివరి వారసుడు ఫిలిప్ యార్క్, 1973లో దానిని చారిత్రక కట్టడాలను కాపాడే సంస్థ అయిన నేషనల్ ట్రస్ట్‌కు అప్పగించారు. అక్కడికి వెళ్ళేవారు ఒక పూటతో సరిపెట్టుకోకుండా రోజంతా కేటాయించుకోవాలి.

రెండో రాత్రికి కట్టిన సొమ్ము వదులుకుని, పట్టణంలో గది 68 పౌండ్ల మామూలు హోటలుకు మారాము. అక్కడ తెల్లవార్లూ హీటరు పనిచేసింది.